దస్తావేజులోకి ఎక్కే మాటే ప్రకటనలో రాయండి

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్ దాటి ఇబ్రహీంపట్నం వైపు వస్తుంటే రెండు పక్కలా హోర్డింగులే. బొంగ్లూర్ దగ్గర ఆదిభట్ల వైపు తిరిగితే అవి ఇంకా చిక్కబడతాయి. టీసీఎస్ క్యాంపస్, టాటాల విమాన భాగాల ఫ్యాక్టరీలు వచ్చాక ఈ చుట్టుపక్కల నేల అమ్మేవాళ్లకు చెప్పుకోవడానికి పెద్ద పేర్లు దొరికాయి. ఆ పేర్లు నిజమైనవే. 2018 మార్చిలో మొదలైన టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. టాటా-లాక్‌హీడ్ మార్టిన్ ఫ్యాక్టరీలో సీ-130జే విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. చిక్కేమిటంటే, ఆ ఫ్యాక్టరీల గోడ పక్కనున్న ప్లాటు ప్రకటనలో ఆ పేర్లు ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటాయో, ఎక్కడో యాచారం దాటాక ఉన్న ప్లాటు ప్రకటనలోనూ అంతే పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

నాకు ప్రకటనల రంగంతో సంబంధం లేదు. దస్తావేజులు రాయడం నా పని. కొనేవాళ్లు ఒక చేతిలో బ్రోచర్, ఇంకో చేతిలో లింక్ డాక్యుమెంట్ల జిరాక్సులు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వస్తారు. బ్రోచర్ రాసినవాళ్లు, ఫోన్లో ఆ మాటలు చెప్పినవాళ్లు అక్కడిదాకా సాధారణంగా రారు. ప్రకటనలో ఏ మాట దస్తావేజులోకి ఎక్కింది, ఏ మాట గుమ్మం బయటే ఆగిపోయింది అన్నది వాళ్లకు కనిపించదు. నాకు రోజూ కనిపిస్తుంది. మంచి ప్రకటనకీ చెడ్డ ప్రకటనకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే, నాకు తెలిసిన కొలబద్ద ఇదొక్కటే.

ఈ మాటలు ముఖ్యంగా ఆ ప్రకటనల కింద తమ ఫోన్ నంబరు వేసుకుంటున్న వాళ్ల కోసం రాస్తున్నాను. డిగ్రీ అయిపోయి వెంచర్ ఆఫీసులో మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్‌గా చేరిన పిల్లలు, టెలీకాలింగ్ చేస్తున్న ఆడపిల్లలు, పగలు కంపెనీలో పనిచేస్తూ సాయంత్రం వాట్సాప్ స్టేటస్‌లో ప్లాట్ల ఫొటోలు పెడుతున్న ఉద్యోగులు ఈ ప్రాంతంలో ఇంటికొకరు ఉన్నారంటే పెద్ద అతిశయోక్తి కాదు. వాళ్లెవరూ మోసం చేద్దామని ఈ పనిలోకి రాలేదు. పైనుంచి వచ్చిన ఇమేజ్‌ని కింద తమ పేరు చేర్చి పంపిస్తున్నారు. ఆ పేరు చేర్చడం ఎంత పెద్ద పనో వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

దస్తావేజులోకి ఏమేం ఎక్కుతాయో ముందు చూడండి. అమ్మేవాళ్ల పేరు, వాళ్లకు ఆ భూమి ఎలా వచ్చిందో చెప్పే లింక్ డాక్యుమెంటు నంబరు, సంవత్సరం. సర్వే నంబరు, గ్రామం, మండలం. ప్లాటు నంబరు, గజాలు. లేఅవుట్ అనుమతి (ఎల్పీ) నంబరు. డబ్బు ఎంత, ఎలా ఇచ్చారు. చివర షెడ్యూలు, అందులో నాలుగు దిక్కుల హద్దులు. అంతే. ‘ప్రశాంత వాతావరణం’ ఎక్కదు. ‘భవిష్యత్తులో రెట్టింపు విలువ’ ఎక్కదు. ‘ప్రముఖులు నివసించే ప్రాంతం’ ఎక్కదు. ఆ మాటలు రాయకూడదని కాదు. ప్రకటన మొత్తం ఆ మాటలతోనే నిండిపోయి, ఎక్కే మాట ఒక్కటీ లేకపోతే అప్పుడు అనుమానించాలి.

షెడ్యూలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయినవాళ్లలో చాలామంది దెబ్బతిన్నది ఆ నాలుగు వరుసల దగ్గరే. భార్యాభర్తలు ఇద్దరు వచ్చారు. భర్త ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. బ్రోచర్‌లో ‘242 గజాల ఫామ్ ప్లాటు, గేటెడ్ కమ్యూనిటీ, 40 అడుగుల రోడ్లు, క్లబ్ హౌస్’ అని ఉంది. 242 అన్న అంకె చూడగానే నాకు సంగతి అర్థమైంది. గుంటకు 121 గజాలు, అంటే రెండు గుంటలు. అది ప్లాటు కాదు, వ్యవసాయ భూమి. రిజిస్ట్రేషన్ జరిగేది తహసీల్దార్ ఆఫీసులో. కాగితంలో పడేది ఫలానా సర్వే నంబరులో రెండు గుంటలు అనే. వాళ్లకు ఇచ్చిన ముసాయిదాలో హద్దులు చూశాను. నాలుగు దిక్కులా ‘ఇదే సర్వే నంబరులో మిగులు భూమి’ అని ఉంది. బ్రోచర్‌లో ఉన్న 40 అడుగుల రోడ్డు ఏ దిక్కునా లేదు. రేపు ఆ మిగులు భూమిని ఇంకొకరికి అమ్మితే, వీళ్లు తమ రెండు గుంటల దగ్గరికి ఎటునుంచి వెళ్లాలి? భార్య బ్రోచర్‌లోని రోడ్డు మీద వేలు పెట్టి, “ఇది ఎక్కడ రాస్తరన్నా?” అని అడిగింది. ఎక్కడా రాయడానికి వీల్లేదని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు అప్పటికే అడ్వాన్సు కట్టేశారు.

ఆ బ్రోచర్ వాళ్లకు పంపింది ఎవరో కాదు, భర్తకు వరసకు బామ్మర్ది. కమీషన్ మీద పనిచేస్తున్న కుర్రాడు. వాడికి గుంటకు ఎన్ని గజాలో తెలియదు. నేర్పినవాళ్లు లేరు.

ఇక దూరాల సంగతి. ‘ఎయిర్‌పోర్టుకు 10 నిమిషాలు’ అనే మాట ఈ రోడ్డు మీద కనీసం ఒక బోర్డు మీదైనా ఎప్పుడూ ఉంటుంది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఇప్పుడు అనుమతించిన గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంతో ఎక్కడా ఆగకుండా పోతే 10 నిమిషాల్లో 20 కిలోమీటర్లు పోతాం. వెంచర్ నుంచి ఎగ్జిట్ దాకా పోయే గతుకుల రోడ్డు, టోల్ దగ్గర ఆగడం, దిగాక సర్వీస్ రోడ్డు, ఇవేవీ ఆ లెక్కలో లేవు. నిమిషాలు రాయడం మానేయండి. బండి మీటరు చూసి కిలోమీటర్లు రాయండి, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. ‘బొంగ్లూర్ ఎగ్జిట్ 12 నుంచి ఇన్ని కిలోమీటర్లు, అందులో ఇంత మట్టిరోడ్డు’ అని రాసిన ప్రకటన చూస్తే నాకు వెంటనే ఆ మనిషి మీద గురి కుదురుతుంది. మట్టిరోడ్డు ఉందని తనంతట తాను చెప్పినవాడు మిగతా విషయాల్లోనూ దాచడని కొనేవాళ్లకు అనిపిస్తుంది. కొనేవాళ్లు ఎలాగూ ఆ మట్టిరోడ్డు మీదే సైట్‌కి వస్తారు.

ప్రభుత్వ ప్రాజెక్టుల పేర్లు వాడుకోవడం ఇంకో రకం. ముచ్చర్ల చుట్టుపక్కల కొన్నేళ్ల పాటు ప్రతి బోర్డు మీదా ‘ఫార్మా సిటీ’ ఉండేది. ప్రభుత్వం మారింది, 2024 నుంచి ‘ఫ్యూచర్ సిటీ’ మాట వచ్చింది, బోర్డులు కూడా మారాయి. కింద నేల మాత్రం అదే, చాలాచోట్ల లేఅవుట్ కూడా అదే. ప్రభుత్వం ప్రకటించిన ప్రాజెక్టు గురించి రాయడం తప్పేమీ కాదు. 2025లో ఫ్యూచర్ సిటీకి ప్రత్యేకంగా డెవలప్‌మెంట్ అథారిటీ కూడా ఏర్పడింది, అది వార్త. కానీ ‘ప్రభుత్వం ప్రకటించింది’ అనడానికీ ‘మన ప్లాటు పక్కనే వస్తోంది’ అనడానికీ మధ్య ఉన్న దూరం కొనేవాడి జీవితకాలపు పొదుపంత. మొదటి మాట రాయండి, రెండోది రాయకండి. మెట్రో అయినా, రీజనల్ రింగ్ రోడ్డయినా అంతే.

ఇప్పుడు నంబర్ల దగ్గరికి వద్దాం. మీరు పంపే ప్రకటనలో తప్పక ఉండాల్సినవి, చాలా ప్రకటనల్లో లేనివి అవే. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) మూడో సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ చట్టం కిందికి వచ్చే ప్రాజెక్టును ప్రకటించకూడదు, అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. పదకొండో సెక్షన్ ప్రకారం ప్రకటనలో రెరా నంబరూ వెబ్‌సైటూ స్పష్టంగా కనిపించాలి. ‘ప్రీ-లాంచ్ ఆఫర్’ అని మీ గ్రూపులోకి వచ్చే ఇమేజ్ దాదాపు ఎప్పుడూ ఈ మూడో సెక్షన్‌కు అవతలే ఉంటుంది. ‘రెరాకు అప్లై చేశాం’ అన్నది నంబరు కాదు. ఇంకో చిన్న జాగ్రత్త: తెలంగాణ రెరాలో ప్రాజెక్టు నంబరు ‘పీ’ అక్షరంతో మొదలవుతుంది, ఏజెంటు నంబరు ‘ఏ’ అక్షరంతో. బ్రోచర్ మీద రెరా నంబరు అని రాసి ‘ఏ’తో మొదలయ్యే నంబరు వేసి ఉంటే, అది అమ్మేవాడి నంబరు. వెంచర్‌కు అనుమతి ఉందని దానర్థం కాదు. తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ప్రాజెక్టు పేరు, సర్వే నంబర్లు, అనుమతి పొందిన లేఅవుట్ ప్లాన్ కనిపిస్తాయి. ఆ ప్లాన్‌లో మీ ప్లాటు ఉందా లేదా చూడటానికి రెండు నిమిషాలు చాలు.

హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) సంగతిలో మాటలు ఇంకా జాగ్రత్తగా వాడాలి. ‘హెచ్‌ఎండీఏ ప్రపోజ్డ్’ అన్నది అనుమతి కాదు. డ్రాఫ్ట్ లేఅవుట్ వేరు, ఫైనల్ లేఅవుట్ వేరు. డ్రాఫ్ట్ దశలో రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పనులు పూర్తయ్యేదాకా భరోసాగా 15 శాతం ప్లాట్లు హెచ్‌ఎండీఏకు మార్ట్‌గేజ్ చేసి ఉంచుతారు. ఆ ప్లాట్లు అప్పటిదాకా అమ్మడానికి లేదు. మీరు కార్నర్ బిట్ అని, ఈస్ట్ ఫేసింగ్ అని ఊరిస్తున్న ప్లాటు నంబరు ఆ మార్ట్‌గేజ్ జాబితాలో ఉందేమో చూశారా? నాకు తెలిసి మార్కెటింగ్ పిల్లల్లో ఆ జాబితా అడిగినవాళ్లు చాలా తక్కువ. అడగండి. ఇవ్వకపోతే ఆ ప్లాటు అమ్మకండి.

2020లో తెలంగాణ ప్రభుత్వం అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసినప్పుడు ఈ వైపు ఎందరో గ్రామపంచాయతీ లేఅవుట్ ప్లాట్లతో చిక్కుకుపోయారు. ఆ తర్వాత లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) అంటూ దరఖాస్తులు, ఫీజులు, ఏళ్ల తరబడి ఎదురుచూపులు. కొన్న రోజున ఆ లేఅవుట్ల ప్రకటనల్లో ‘క్లియర్ టైటిల్, స్పాట్ రిజిస్ట్రేషన్’ అనే ఉండేది. స్పాట్ రిజిస్ట్రేషన్ అన్నమాట అబద్ధం కూడా కాదు. ఆ రోజు రిజిస్ట్రేషన్ అయింది. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. నిజమైన మాటనే చెప్పి, దాని పక్కనే చెప్పాల్సిన మాట చెప్పకపోవడం చెడ్డ ప్రకటనల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పద్ధతి. చెరువు దగ్గరి భూములకు ఇది మరీ వర్తిస్తుంది. ‘లేక్ వ్యూ’ అని రాసేవాళ్లు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దు ఎక్కడుందో, బఫర్ ఎక్కడిదాకా ఉందో రాయరు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఆ రెండు మాటలు రాయకుండా లేక్ వ్యూ ప్లాటు అమ్మడం, అమ్మేవాడికే ప్రమాదం.

ధర విషయం తొందరగా చెప్పేస్తాను. గజం ధర ఒక్కటే వేసి మిగతావన్నీ సైట్ దగ్గర చెప్పడం అలవాటైపోయింది. 200 గజాలు, గజం 20 వేలు అనుకుంటే 40 లక్షలు. దాని మీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే ఇంకో 3 లక్షలు. ఆపైన డెవలప్‌మెంట్ చార్జీలు, కార్పస్ ఫండ్, తూర్పు ముఖానికి ఎక్స్‌ట్రా, కార్నర్‌కు ఎక్స్‌ట్రా. నెల జీతం మీద బతికే మనిషి 40 లక్షలకు మనసు సిద్ధం చేసుకుని వచ్చి 46 విన్నప్పుడు ముఖం ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారు. మొత్తం రాసేయండి. పక్కన చుక్క గుర్తు పెట్టి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అని వేయడం కుదరదని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు చెప్పాయి. వివరణ ప్రకటన ఉన్న భాషలోనే, చదవగలిగే అక్షరాల్లోనే ఉండాలి, పైన ఇచ్చిన మాటకు విరుద్ధంగా ఉండకూడదు.

‘నేను ఉద్యోగిని, కంపెనీ ఇచ్చింది పంపాను, నాకేం సంబంధం’ అని ఒక కుర్రాడు నాతో అన్నాడు. సంబంధం ఉంది. రెరా చట్టంలో ప్రకటన అంటే ఏ మాధ్యమం ద్వారా అయినా, ఏ రూపంలో అయినా ప్లాటు కొనమని పిలిచే ప్రచారం. వాట్సాప్ స్టేటస్‌ని దాని బయట పెట్టే మాట అందులో లేదు. కమీషన్ తీసుకుని కొనేవాడినీ అమ్మేవాడినీ కలిపేవాడు ఏ పేరుతో పిలిచినా ఏజెంటే. తొమ్మిదో సెక్షన్ ప్రకారం ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలి. పదో సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టు అమ్మడంలో సాయపడకూడదు, తప్పుడు మాటలు చెప్పకూడదు. ఉల్లంఘిస్తే 62వ సెక్షన్ కింద రోజుకు 10 వేల చొప్పున జరిమానా, అది ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా పోవచ్చు. పన్నెండో సెక్షన్ కొనేవాళ్ల వైపు నిలబడుతుంది. ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాడికి ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, వెనక్కి వెళ్లిపోతానంటే వడ్డీతో సహా డబ్బు తిరిగివ్వాలి. అందుకే కొనేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, బ్రోచర్ పారేయకండి, వాట్సాప్ మెసేజ్ చెరపకండి. ఆ మెసేజ్ మీద ఎవరి నంబరు ఉంటుందో మీకు తెలుసు.

పెద్దవాళ్లకే తప్పలేదు. ప్రీ-లాంచ్ పేరుతో ఎందరి దగ్గరో డబ్బు వసూలు చేశారన్న కేసులో 2022 డిసెంబరులో సాహితీ ఇన్‌ఫ్రా అధినేత అరెస్టయ్యారు. ఆ మరుసటి ఏడు రెరా ఆ సంస్థకు 10 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ రియల్ ఎస్టేట్ సంస్థల కేసులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ), వాటి ప్రకటనల్లో కనిపించిన ఒక తెలుగు సినిమా హీరోకు నోటీసులిచ్చింది. ప్రకటనలో కనిపించినందుకు హీరోకే జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడు, కింద ఫోన్ నంబరు వేసుకున్న మీరు అతీతులు కారు.

అయితే ఇవన్నీ పాటిస్తే ప్రకటన చప్పగా తయారవుతుందని, ఫోన్లు రావని మార్కెటింగ్ వాళ్ల భయం. ఫోన్లు తగ్గుతాయి, అది నిజం. వచ్చే ఫోన్లు మాత్రం కొనడానికి సిద్ధపడ్డవాళ్ల నుంచి వస్తాయి. మన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పుడు, సంగీత కచేరీల దగ్గర దాన్ని ఉచితంగా పంచారని చెప్తారు. తలనొప్పి తగ్గుతుందో లేదో తీసుకున్నవాళ్లే రాసుకుని చూస్తారు, ఇక ఆయన పొగడాల్సిన అవసరం ఏముంది? ప్లాటుకు శాంపిల్ ఇవ్వలేం. కానీ కాగితాల సెట్ ఇవ్వగలం. బ్రోచర్‌కు ముందు లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లేఅవుట్ ప్లాన్ పీడీఎఫ్‌గా పంపి, ‘మీ లాయర్‌కు చూపించుకుని రండి, తర్వాత సైట్ చూద్దాం’ అని చెప్పే ఏజెంట్లు ఇక్కడ కొందరున్నారు. వాళ్ల కస్టమర్లు నా టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు గొడవ ఉండదు. దస్తావేజు చదివి వినిపిస్తే తల ఊపుతారు, ఎందుకంటే అందులో ఉన్నదంతా వాళ్లు ముందే చదివారు. వాళ్లే మళ్లీ ఇంకో ఇద్దరిని పంపుతారు.

అలాంటి ప్రకటన ఎలా ఉంటుందో ఒకటి రాసి చూపిస్తాను. అంకెల చోట మీవి వేసుకోండి.

‘ఫలానా గ్రామం, ఇబ్రహీంపట్నం మండలం, సర్వే నంబర్లు ఇవి. హెచ్‌ఎండీఏ డ్రాఫ్ట్ లేఅవుట్, ఎల్పీ నంబరు ఇది. రెరా నంబరు ఇది, వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. 150 నుంచి 300 గజాల ప్లాట్లు. మార్ట్‌గేజ్‌లో ఉన్న ప్లాట్లు అమ్మడం లేదు, జాబితా అడిగితే ఇస్తాం. బొంగ్లూర్ ఎగ్జిట్ నుంచి ఇన్ని కిలోమీటర్లు, చివరి కిలోమీటరు మట్టిరోడ్డు. లేఅవుట్ లోపల బీటీ రోడ్డు, డ్రైనేజీ పూర్తయ్యాయి, కరెంటు పనులు నడుస్తున్నాయి. రిజిస్ట్రేషన్ ఖర్చులతో సహా 200 గజాలకు మొత్తం ఇంత. ఫలానా బ్యాంకు లోన్ ఇస్తోంది. కాగితాలు వాట్సాప్‌లో అడగండి. ఏజెంట్ రెరా నంబరు, పేరు.’

ఇందులో అందమైన మాట ఒక్కటీ లేదు. కానీ ఇది చదివిన టీసీఎస్ ఉద్యోగి ఎవరినీ ఏమీ అడగకుండానే తనకు పనికొస్తుందో లేదో తేల్చుకోగలడు. లోన్ ఇచ్చే బ్యాంకు పేరు రాయడం అన్నిటికంటే గట్టి మాట, ఎందుకంటే ఆ బ్యాంకు లాయరు అప్పటికే పాత లింకులన్నీ తిరగేసి ఉంటాడు.

ప్లాట్ల దగ్గరే ఎక్కువసేపు ఆగాను, నాకు తెలిసింది అదే కాబట్టి. ఆదిభట్లలో హాస్టళ్లు నడిపేవాళ్లకు, కర్రీ పాయింట్ పెట్టినవాళ్లకు, డ్రైవింగ్ స్కూలు వాళ్లకు కూడా ఇదే కొలబద్ద వాడుకోవచ్చు. వాళ్లకు దస్తావేజు ఉండదు, బిల్లో రసీదో ఉంటుంది. ‘లగ్జరీ హాస్టల్’ అన్న మాట రసీదు మీదికి రాదు. ‘ముగ్గురి షేరింగ్, నెలకు ఇంత, అడ్వాన్సు ఇంత, ఖాళీ చేస్తే ఇంత తిరిగిస్తాం, నైట్ షిఫ్టు వాళ్లకు పొద్దున 7 గంటలకు కూడా టిఫిన్ ఉంటుంది’ అన్నది వస్తుంది. గేటు మీద అలా రాసిపెట్టిన హాస్టల్ యజమానికి అద్దె విషయంలో వాదించాల్సిన పని ఉండదు.

ఉద్యోగ ప్రకటనల గురించి చెప్పకపోతే ఇది సగమే అవుతుంది, ఎందుకంటే తప్పుడు ప్లాటు ప్రకటన పంపే కుర్రాడు చాలాసార్లు ముందు తప్పుడు ఉద్యోగ ప్రకటనకు దొరికినవాడే. ‘టెన్త్ పాస్ లేదా ఫెయిల్, నెలకు 30 వేల నుంచి లక్ష వరకు’ అని గోడ మీద చూసి వెళ్తాడు. వెళ్లాక తెలుస్తుంది, జీతం లేదు, కమీషన్ మాత్రమే, అదీ కింద ఇంకో నలుగురిని చేర్చితేనే పైకి వస్తుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్నలు కూడా కాగితం మీదికి వచ్చేవే. ఫిక్స్‌డ్ జీతం ఎంత? నియామక పత్రం ఇస్తారా? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు నియామక పత్రం ఇవ్వాల్సిందేనంటున్నాయి. పీఎఫ్ కడతారా? జీతం 21 వేల లోపు అయితే ఈఎస్ఐ ఉందా? కమీషన్ ఎప్పుడు వస్తుంది, బుకింగ్ రోజునా, రిజిస్ట్రేషన్ రోజునా? కొన్నవాడు రద్దు చేసుకుంటే కమీషన్ వెనక్కి లాక్కుంటారా? ఈ జవాబులు నోటితో చెప్పి కాగితం మీద రాయనంటే, ఆ సంస్థ కొనేవాళ్లకూ నోటిమాటలే ఇస్తుందని మీరు అక్కడే తెలుసుకోవచ్చు. ‘విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం, రిజిస్ట్రేషన్ ఫీజు ఇంత’ అని వచ్చే మెసేజ్‌ల సంగతి ఒక్క ముక్కలో: ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోబోమని టీసీఎస్ లాంటి కంపెనీలు తమ వెబ్‌సైట్లలోనే రాసుకున్నాయి. ఫీజు అడిగారంటే అది ఆ కంపెనీ కాదు.

ఇప్పటికే చేరి, పంపమని ఒత్తిడి పడుతున్న వాళ్ల సంగతి ఏమిటి? ఇంటి అద్దె కట్టాలి, ఉద్యోగం మానేయమని నేను సులువుగా అనలేను. కానీ ఒక పని చేయవచ్చు. టీమ్ లీడర్ కొత్త ఇమేజ్ పంపినప్పుడు గ్రూపులోనే, నలుగురూ చూసేలా, మర్యాదగా అడగండి: ‘సార్, రెరా నంబరు, ఎల్పీ నంబరు పంపండి, కస్టమర్లు అడుగుతున్నారు.’ ఫోన్లో అడగొద్దు, మెసేజ్‌లోనే అడగండి. నంబరు వస్తే వెబ్‌సైట్‌లో చూసుకుని, దాన్ని మీ స్టేటస్‌లో ఇమేజ్ కింద మీరే టైప్ చేయండి. రాకపోతే ఆ ఇమేజ్ పంపకండి. అడిగినట్టు మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది. అడ్వాన్సు విషయంలో కూడా చట్టం మీ పక్షానే ఉంది. ప్లాటు ధరలో 10 శాతానికి మించి తీసుకోవాలంటే ముందు సేల్ అగ్రిమెంటు రాసి రిజిస్టర్ చేయాలని రెరా చట్టం పదమూడో సెక్షన్ చెబుతుంది. కస్టమర్ ఎక్కువ తెచ్చినా మీ చేత్తో తీసుకోకండి, మీ ఖాతాలో అసలు వేయించుకోకండి, కంపెనీ రసీదు లేకుండా ఒక్క రూపాయి కదలనివ్వకండి.

తప్పుడు ప్రకటన కనిపిస్తే చెప్పడానికి చోట్లు ఉన్నాయి. ప్లాట్లయితే తెలంగాణ రెరా. మిగతా సరుకులు, సేవలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 1985 నుంచి ప్రకటనలను పరిశీలిస్తున్న ఏఎస్‌సీఐకి వాట్సాప్‌లో కూడా ఫిర్యాదు పంపవచ్చు, నంబరు 77100 12345. ఫొటో తీసి, తేదీ, చోటు రాసి పంపితే చాలు. మీరు పనిచేసే సంస్థ ప్రకటనే అయితే ముందు లోపల అడగండి. వారం రోజులు చూసినా సరిచేయకపోతే, వేరే వెంచర్ ఆఫీసులో ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మొదటి ప్రశ్న మీరే అడగండి: మీ బ్రోచర్, మీ లేఅవుట్ ప్లాన్ పక్కపక్కన పెట్టి చూపిస్తారా అని. చూపించే ఆఫీసులు ఈ సాగర్ రోడ్డు మీదే ఉన్నాయి.